ఎముక అతికినా చెయ్యి ఎందుకు తిరగడం లేదు?

ప్రశ్న: మేడమ్ గారూ, నా వయసు 52. వానాకాలంలో మెట్ల మీద జారిపడి కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు ఉంచారు. ఎముక బాగా అతికిందని ఎక్స్‌రే చూసి చెప్పారు. కట్టు తీసి రెండు నెలలవుతున్నా చెయ్యి తిప్పితే నొప్పి, అన్నం స్పూనుతోనే తింటున్నాను. చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడి ఇదే చెయ్యి మోచేతి దగ్గర విరిగితే పుత్తూరు కట్టు కట్టించారు. ఆ పాత దెబ్బే ఇప్పుడు తగ్గనివ్వడం లేదని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా? మళ్లీ విరుగుతుందేమోనని ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మీ అత్తగారి మాటను తీసిపారేయకండమ్మా. ఫిజియోథెరపీకి వచ్చేవాళ్లను నేను మొదట అడిగేదే పాత దెబ్బల గురించి. ‘ఎప్పుడో చిన్నప్పటిది లెండి’ అని చాలామంది దాటేస్తారు.

అరచెయ్యి పైకీ కిందికీ తిరగాలంటే ముంజేతిలోని రెండు ఎముకల్లో ఒకటి రెండోదాని చుట్టూ తిరగాలి. అందుకు మణికట్టు దగ్గరా, మోచేతి దగ్గరా కీళ్లు రెండూ కదలాలి. మీ మోచెయ్యి అప్పుడే కాస్త బిగిసి ఉంటే, ఆ లోటును ఇన్నాళ్లూ మణికట్టూ భుజమూ సర్దుకుంటూ వచ్చి ఉంటాయి. ఇప్పుడు మణికట్టూ బిగుసుకుంది, సర్దేవాళ్లు లేరు. ముద్ద నోటి దాకా వెళ్లకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. ఎడమ చేతితో పోల్చి మోచెయ్యి కూడా కొలవమని మీ ఫిజియోథెరపిస్టును అడగండి.

ఇక నొప్పి సంగతి. గాయం నుంచి వచ్చే సంకేతాల ధాటికి వెన్నుపాములోని నరాలే అతి సున్నితంగా మారతాయని 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద ప్రయోగాలు చేసి చూపించారు. దెబ్బ మానినా ఆ సున్నితత్వం కొందరిలో ఉండిపోతుంది. ఒకసారి వాచి తగ్గిన చోట రెండోసారి వాపు వస్తే నొప్పి ఎక్కువ కాలం నిలుస్తుందని కూడా ఎలుకల్లోనే తేలింది. అలాగని నలభై ఏళ్ల నాటి దెబ్బ మీ నరాల్లో ఇంకా అలాగే ఉందని నేను అనను. భయం మాత్రం ఉంటుంది. నేను చెయ్యి పట్టుకోబోతుంటేనే, ఇంకా ముట్టుకోకముందే, కొందరికి భుజం పైకి లేస్తుంది, మోచెయ్యి డొక్కకు అంటుకుపోతుంది. చేతిని కొంగు చాటున పొట్టకు ఆనించి నడుస్తారు. అలా దాచుకున్న కొద్దీ కీలు ఇంకా బిగుస్తుంది, కదిపితే ఇంకా నొప్పి పుడుతుంది.

శరీరం గుర్తుపెట్టుకోవడం ప్రతిసారీ చెరుపే చేయదు లెండి. ఒకసారి వాపు వచ్చి తగ్గిన చర్మం మీద తర్వాత గాయమైతే అది త్వరగా మూసుకుందని 2017లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీ వాళ్లు చిట్టెలుకల్లో చూశారు. చర్మంలోని మూలకణాలు, అంటే కొత్త కణాలను పుట్టించే కణాలు, ఆ పాత వాపును గుర్తుంచుకున్నాయట!

మీరు చేయాల్సింది చెబుతాను. ఎంత బరువు ఎత్తొచ్చో ముందు ఎముకల డాక్టరును అడగండి. చెయ్యి కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. తర్వాత మోచెయ్యి డొక్కకు ఆనించి మడిచి, పిడికిట్లో తేలికైన గరిటె పట్టుకుని, అరచెయ్యి నెమ్మదిగా పైకీ కిందికీ తిప్పండి. గరిటె ఎంత వాలిందో చూస్తుంటే ఎంత తిరిగిందో మీకే తెలుస్తుంది. ఊపిరి బిగబట్టకండి. కొంచెం నొప్పి వచ్చి కాసేపట్లో సర్దుకుంటే భయం లేదు. మర్నాటి పొద్దుటికి కూడా ఎక్కువగానే ఉంటే ఆ రోజు సగమే చేయండి. స్పూను ఒక్కసారిగా మానక్కర్లేదు. ముందు ఇడ్లీ ముక్క చేత్తో తినండి, కుదిరాక పెరుగన్నం ముద్ద. ఇంట్లోవాళ్లు జాలిపడి ప్రతి పనీ చేతిలోంచి లాక్కుంటుంటే గట్టిగా వద్దనండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. చెయ్యి వాచి, చర్మం నిగనిగలాడుతూ రంగు మారినా, రెండో చేతికంటే బాగా వేడిగానో చల్లగానో ఉన్నా, కొంగు తగిలితేనే భగ్గుమన్నా వ్యాయామం ఆపి, ఒకటి రెండు రోజుల్లోనే డాక్టరుకు చూపించండి. ఇవి ఒక రకం నొప్పి జబ్బు లక్షణాలు కావచ్చు, దానికి వైద్యం ఎంత ముందు మొదలైతే అంత మేలు.