బీఎడ్ వద్దు, గార్డెన్ పనులకి మార్కెటింగ్ చేస్తానంటోంది

ప్రశ్న: సార్, మాది పర్లాకిమిడి. మావారు పదహారేళ్లుగా నర్సరీ నడుపుతూ ఇళ్లకీ, కాలేజీలకీ లాన్లు, గార్డెన్లు వేసే కాంట్రాక్టు పనులు చేస్తున్నారు. మా అమ్మాయి బీఎస్సీ బోటనీ ఆఖరి సంవత్సరం. నర్సరీ ఇన్‌స్టాగ్రామ్ పేజీ తనే చూసుకుంటుంది. ఒక కల్యాణ మండపానికి లాన్ వేసినప్పుడు తీసిన వీడియోని చాలామంది చూశారు. అది చూసి విశాఖపట్నంలో ఒక ల్యాండ్‌స్కేపింగ్ కాంట్రాక్టరు తన పేజీలు కూడా చూసుకోమని అడిగారు. అప్పటి నుంచి బీఎడ్ వద్దు, ఇలాంటి వాళ్లకి సోషల్ మీడియా మార్కెటింగ్ చేస్తాను అంటోంది. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అరవై వేలు కడితే నూరు శాతం ఉద్యోగం అంటున్నారు. ఫోన్ పట్టుకుని చేసేది ఉద్యోగం ఎలా అవుతుందని మావారికి టెన్షన్. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, గజపతి జిల్లా (ఒడిశా)

జవాబు: అమ్మా, ముందు ఆ అరవై వేల సంగతి తేల్చేద్దాం. కట్టకండి. నూరు శాతం ఉద్యోగం అంటే ఏ కంపెనీలో, ఎంత జీతానికి, రాకపోతే ఫీజు తిరిగిస్తారా అని కాగితం మీద రాసివ్వమని అడగండి. అలా రాసిచ్చినవాళ్లని నేను ఇంతవరకు చూడలేదు. అమ్మాయికి కావలసిన పాఠాలు చాలావరకు ఖర్చు లేకుండానే దొరుకుతాయి. గూగుల్ వాళ్ల శిక్షణ సైటు స్కిల్‌షాప్‌లో ప్రకటనల కోర్సులు, పరీక్ష, సర్టిఫికెట్ అన్నీ ఉచితం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల గురించి వాటిని నడిపే మెటా కంపెనీ శిక్షణ సైటు బ్లూప్రింట్‌లో పాఠాలు ఉచితమే, సర్టిఫికెట్ పరీక్షకి మాత్రం డబ్బు కట్టాలి. ఆ పరీక్ష ఇప్పుడు అవసరం లేదు.

ఇక మీవారి సందేహం. గార్డెన్ పని చేసేవాళ్లకి పని తెచ్చిపెట్టగలిగితే అది నిఖార్సైన ఉద్యోగమే. తెచ్చిపెట్టలేకపోతే ఎన్ని లైకులు వచ్చినా ఉద్యోగం కాదు. ఈ తేడా అమ్మాయికి ఇప్పుడే తెలియాలి. బరంపురం పట్టుచీర వీడియోని పుణెలో ఎవరో చూసినా కొరియర్‌లో పంపి డబ్బు తెచ్చుకోవచ్చు. లాన్‌ని కొరియర్‌లో పంపలేం కదా. కూలీలు, గెత్తం (పశువుల ఎరువు), ఎర్రమట్టి, గడ్డి పలకలు అన్నీ వ్యానెక్కి అక్కడికి వెళ్లాలి. అందుకే ఆ కల్యాణ మండపం వీడియోని ఎన్ని వేలమంది చూశారన్నది నాకు ముఖ్యం కాదు. పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి, కాశీనగర్, గుణుపూర్ చుట్టుపక్కల కొత్తిల్లు కడుతున్నవాళ్లు, హోటళ్లవాళ్లు, కాలేజీలవాళ్లు ఓ రెండు వందల మంది చూస్తే చాలు. వాళ్లలో ఇద్దరు ఫోన్ చేస్తే పండగే. పైగా గార్డెన్ వేయించుకునేవాళ్లు ఈ రోజు చూసి రేపు కొనరు. ఇల్లు పూర్తవ్వాలి, గృహప్రవేశం అవ్వాలి, అప్పటికి చేతిలో నాలుగు డబ్బులు మిగలాలి. ఎప్పుడో చూసిన పేజీ అప్పుడు గుర్తుకు రావాలి.

అందుకని నా సలహా ఏమిటంటే, మొదటి ఏడాది ఆమె మొదటి ఖాతాదారు, అంటే క్లయింటు, వాళ్ల నాన్నగారే. ఒక నోటుబుక్కు పెట్టమనండి. ఎవరు ఫోన్ చేశారు, ఏ ఊరు, ఏం చూసి చేశారు, కొటేషన్ ఎంత ఇచ్చారు, పని వచ్చిందా, రాకపోతే ఎందుకు రాలేదు. ఏడాది తర్వాత విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఎవరి ముందు కూర్చున్నా ఆ నోటుబుక్కే ఆమె బయోడేటా. వ్యూస్ స్క్రీన్‌షాట్లు అందరూ చూపిస్తారు. ఇంత ప్రకటన ఖర్చుకి ఇన్ని ఫోన్లు, ఇన్ని పనులు అని చూపించేవాళ్లు తక్కువ.

రీల్ చేసేవాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు. మొక్క తెలిసి రీల్ చేసేవాళ్లు లేరు. మీ అమ్మాయి బలం అదే, బోటనీ చదువు వృథా అయిపోతుందని బాధపడకండి. కోనోకార్పస్ అనే మొక్క సంగతే చూడండి. త్వరగా పచ్చటి గోడలా పెరుగుతుందని ఎక్కడపడితే అక్కడ నాటారు, 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. మొక్క తెలియనివాళ్లు ఇంకా దాన్నే వీడియోల్లో పొగుడుతున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ జిల్లాని ఎలా కుదిపేసిందో మీకు చెప్పక్కర్లేదు. అలాంటి గాలికి ఏ చెట్టు నిలిచింది, ఏది వేళ్లతో సహా లేచిపోయింది, గేటు పక్కన ఏది నాటకూడదు అన్నది మీవారికి తెలుసు. ఆయన రెండు నిమిషాలు ఆ మాట చెబుతుంటే అమ్మాయి వీడియో తీస్తే, అంతకు మించిన ప్రకటన నాకు తోచడం లేదు.

వీడియో తీసే పద్ధతిలో కూడా గార్డెన్‌కి ఓ ప్రత్యేకత ఉంది. వేసిన రోజు ఏ లాన్ అయినా బాగుంటుంది. అసలు పనితనం ఆరు నెలల తర్వాత తెలుస్తుంది. అందుకే పని మొదలుపెట్టే ముందే ఆ స్థలంలో ఒక గుర్తు పెట్టుకుని, అక్కడే నిలబడి, ఎండ ఎక్కకముందే, నెలనెలా అదే కోణంలో ఫోటో తియ్యాలి. ఖాళీ నేల, తవ్వకం, గెత్తం కలపడం, తొలి వానకి గడ్డి పట్టుకోవడం, ఆరో నెల. మధ్యలో ఒక మూల గడ్డి చచ్చిపోతే అదీ చూపించి, ఎందుకు చచ్చిపోయిందో, ఎలా బాగుచేశారో చెప్పాలి. ఇంటివాళ్ల అనుమతి లేకుండా ఇల్లు చూపించకూడదు. ఎవరిదో గార్డెన్ ఫోటోని తమదిగా పెట్టకూడదు. ఏఐతో తయారుచేసిన బొమ్మని చేసిన పనిలా పెట్టడం అంతకన్నా తప్పు. ఖాతాదారు అచ్చం అలాగే కావాలంటే పార పట్టుకున్న మీవారు ఏం చెయ్యాలి?

భాష సంగతి మీ ఊళ్లో పెద్ద విషయం. అటు ఒడియా, ఇటు తెలుగు. రెండింట్లోనూ వేరువేరుగా, జనం మాట్లాడుకునేలా రాయమనండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మీది. ఆ ఊరి పిల్ల పుస్తకాల తెలుగులో నర్సరీ ప్రకటన రాస్తే బాగుండదు. పండగలు కూడా తెలియాలి. జూన్ నెల మధ్యలో వచ్చే రొజొ పండగ మూడు రోజులూ ఒడియావాళ్లు భూమిని దున్నరు, తవ్వరు. ఆ రోజుల్లో ‘రండి, గుంతలు తవ్వి మొక్కలు నాటుదాం’ అని పోస్టు పెడితే మనసు నొచ్చుకుంటారు. పండగ అయ్యాక, వానలతోపాటు పెడితే అదే పోస్టు పనిచేస్తుంది. మన వాళ్లకి కార్తీకంలో ఉసిరి మొక్క గురించి చెబితే వేరే ప్రచారం అక్కర్లేదు.

గూగుల్‌లో వ్యాపారం ప్రొఫైల్, వాట్సాప్ బిజినెస్‌లో మొక్కల కేటలాగ్ రెండూ ఉచితమే, ఈ వారమే పెట్టించండి. పని పూర్తయిన ప్రతి ఇంటివారినీ గూగుల్‌లో రివ్యూ రాయమని అడగాలి. డిస్కౌంటు ఆశ చూపి రాయించుకోకూడదు, అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం. డబ్బు పెట్టి ప్రకటన ఇస్తే పర్లాకిమిడి చుట్టూ ఓ 40 కిలోమీటర్ల లోపలివాళ్లకే కనిపించేలా పెట్టుకోవచ్చు. ప్రకటన సొమ్ము మీద 18 శాతం జీఎస్టీ కూడా లెక్కలో వేసుకోవాలి. ఇంకో మాట. 2020 జూన్‌లో టిక్‌టాక్ రాత్రికి రాత్రి ఆగిపోయినప్పుడు అక్కడే పేరు తెచ్చుకున్నవాళ్లు ఏమయ్యారో చూశాం. అందుకే ఒక్క యాప్‌నే నమ్ముకోకుండా, ఖాతాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు మీ పుస్తకంలో ఉండాలి.

విశాఖ కాంట్రాక్టరు పని ఒప్పుకోవచ్చు, పరీక్షలయ్యాకే. ముందు మూడు నెలలకి అని చిన్న ఒప్పందం రాసుకోండి. నెలకి ఎన్ని పోస్టులు, ఏ తేదీన డబ్బు, మెసేజీలకి జవాబు ఎవరివ్వాలి అన్నీ అందులో ఉండాలి. ప్రకటనల డబ్బు ఆయన కార్డు నుంచే కట్టాలి. పాస్‌వర్డు తీసుకోవద్దు, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలని నడిపే మెటా బిజినెస్ సూట్‌లో ఆయన ఆమె పేరు చేర్చి అధికారం ఇస్తే చాలు. నెలకి ఒక్కసారైనా వాళ్ల సైటుకి వెళ్లనివ్వాలని అడగండి. ఇంట్లో కూర్చుని, వాళ్లు పంపిన ఫోటోలకి పాటలు అతికించే పనైతే వదిలేయండి. అందులో ఆమె నేర్చుకునేది ఏమీ లేదు.

బీఎడ్ ఎక్కడికీ పోదు. ఈ జూన్ నుంచి వచ్చే జూన్ వరకు గడువు పెట్టుకోండి. అప్పటికి నాన్నగారికి కొత్త పనులు తెచ్చి, బయట ఇద్దరు ఖాతాదారులైనా నెలనెలా డబ్బు ఇస్తుంటే ఇదే దారిలో సాగనివ్వండి, దూరవిద్యలో మార్కెటింగ్ ఎంబీఏ కూడా చేసుకోవచ్చు. లేకపోతే బీఎడ్‌కి దరఖాస్తు పెట్టమనండి. ఆ మాట ముందే ముగ్గురూ కూర్చుని అనుకుంటే తర్వాత ఎవరికీ కష్టం ఉండదు.

ఈలోగా మీవారు ఎక్కడికి కొటేషన్ ఇవ్వడానికి వెళ్లినా అమ్మాయిని వెంట తీసుకెళ్లమనండి. రోజుకి ఎన్నిసార్లు నీళ్లు పెట్టాలి, పాములొస్తాయా, ఆవులు తినేస్తాయా, ఊరెళితే ఎవరు చూస్తారు, నెలవారీ మెయింటెనెన్స్‌కి ఎంత తీసుకుంటారు అని ఇంటివాళ్లు అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్నలన్నీ నోటుబుక్కులో రాసుకుంటే ఏడాదికి సరిపడా వీడియోలు అందులోనే ఉంటాయి.