లైఫ్ ట్యాక్స్ కట్టాక టోల్ ఎందుకు?

ప్రశ్న: మా ఊరు జాతీయ రహదారిపై ఉన్న టోల్‌గేటుకు 8 కిలోమీటర్ల దూరం. ఉద్యోగానికి రోజూ కారులో గేటు దాటక తప్పదు. కారు కొన్నప్పుడే లైఫ్ ట్యాక్స్ కట్టాను. రోడ్డేమో గుంతలమయం. స్థానికులకు టోల్ ఎత్తివేయిస్తామని ఎన్నికల్లో అన్ని పార్టీలూ చెప్పాయి. నేను కట్టనంటే చట్టం నా పక్షాన ఉంటుందా?

జవాబు: ఉండదు. లైఫ్ ట్యాక్స్ రాష్ట్ర ఖజానాకు వెళ్లే పన్ను. గేటు దగ్గర వసూలు చేసేది రుసుము. 1956 నాటి జాతీయ రహదారుల చట్టంలోని 7వ సెక్షన్ కేంద్రానికి ఆ అధికారం ఇచ్చింది. రెండూ మీ జేబులోంచే పోతున్నాయన్న బాధ నిజమే కానీ, టోల్ ఎగ్గొట్టడానికి ఆ వాదన నిలబడదు.

ఇక హామీల సంగతి. 2024 అక్టోబరులో, అసెంబ్లీ ఎన్నికల ముంగిట, మహారాష్ట్ర మంత్రివర్గం ముంబయి ప్రవేశమార్గాల్లోని ఐదు టోల్‌నాకాల్లో కార్లకు మినహాయింపు ఇచ్చింది. అవి రాష్ట్రం చేతిలోనివి. మీ గేటు కేంద్రానిది. మీ ఎమ్మెల్యే మాటకు అది లేవదు. ఆయన కారుకు మాత్రం లేస్తుంది, సొంత రాష్ట్రంలో శాసనసభ్యులకు నిబంధనలే మినహాయింపు ఇచ్చాయి మరి!

మీకు అక్కరకొచ్చేది 2008 జాతీయ రహదారుల రుసుము నిబంధనల్లోని 9వ నిబంధన. టోల్‌ప్లాజాకు 20 కిలోమీటర్లలోపు నివసించేవారి సొంత అవసరాల వాహనానికి నెలవారీ పాస్ ఇస్తారు. 2007-08లో 150 రూపాయలుగా పెట్టిన ధర ఏటా పెరుగుతూ 300 దాటింది. ఒక మెలిక ఉంది: సర్వీసు రోడ్డో ప్రత్యామ్నాయ మార్గమో ఉంటే ఇవ్వరు. ఆ సాకుతో తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. 2025లో 3,000 రూపాయల ధరతో మొదలైన వార్షిక పాస్ మీకు గిట్టదు. దాని 200 ట్రిప్పులు, రానూపోనూ లెక్కిస్తే, వంద పనిదినాలకే అయిపోతాయి.

గుంతల విషయంలో మాత్రం మీ వాదనకు బలముంది. కేరళలోని పాలియెక్కర ప్లాజాలో వసూళ్లను 2025 ఆగస్టులో అక్కడి హైకోర్టు నిలిపివేసింది. జాతీయ రహదారుల సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లి ఓడింది. పన్నులు కట్టిన పౌరులు గుంతలు దాటడానికి మళ్లీ చెల్లించడమేమిటని సుప్రీంకోర్టు కూడా ఆక్షేపించింది. అయితే అక్టోబరులో హైకోర్టే వసూళ్లకు తిరిగి అనుమతించింది. ఆ ఊరట కోర్టులో దొరికింది, గేటు దగ్గర వాగ్వాదంతో కాదు. కాబట్టి తేదీలతో ఫొటోలు తీయండి, జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫిర్యాదు చేసి ఫిర్యాదు నంబరు దాచుకోండి, ఆ సంస్థ ప్రాజెక్టు డైరెక్టరుకు లేఖ రాయండి. స్పందన లేకపోతే ఊరివాళ్లు నలుగురు కలిసి రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు. ఈలోగా పాస్ తీసుకోండి. రిట్‌కు అది అడ్డు కాదు.