లేహ్ చలిలో కెమెరా: అమ్మలుకి పెదనాన్న ఉత్తరం

చూళైమేడు, చెన్నై

అమ్మలూ,

జనవరిలో లేహ్ వెళ్తున్నాను, కెమెరా తీసుకెళ్లనా వద్దా అని నువ్వు అడిగితే ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. తప్పకుండా తీసుకెళ్లు. మీ నాన్న భయపడుతున్నట్టు చలికి కెమెరా పాడైపోదు. మాన్యువల్‌లో 0 నుంచి 40 డిగ్రీల వరకే అని ఉంటుంది కానీ, నేను మైనస్ 15లో కూడా వాడాను. జాగ్రత్తగా ఉండాల్సింది బయట కాదు, గదిలోకి వచ్చేటప్పుడు.

మే నెలలో ఏసీ గదిలోంచి కెమెరా తీసుకుని మన డాబా మీదికి వెళ్తే ఏమవుతుందో నీకు తెలుసు. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకి చెమట పట్టినట్టు లెన్స్ చెమరుస్తుంది. ఇక్కడ బయటికి వెళ్తే చెమరుస్తుంది, అక్కడ లోపలికి వస్తే చెమరుస్తుంది. లేహ్‌లో బయట గాలి పొడిగా ఉంటుంది. గదిలో మాత్రం బుఖారీ, అంటే గదిని వెచ్చబరిచే పొయ్యి, మండుతుంటుంది, దాని మీద టీ మరుగుతుంటుంది, నలుగురి ఊపిరి ఉంటుంది. ఆ తేమంతా చల్లటి కెమెరా మీద నీళ్లై కూర్చుంటుంది, బటన్ల సందుల్లో కూడా.

మొదటిసారి వెళ్లినప్పుడు నాకిది తెలియదు. తెల్లవారుజామున చలికి ఆగలేక కెమెరా మెడలో ఉండగానే గదిలోకి వచ్చేశాను. నిమిషంలో లెన్స్ తెల్లబడింది. మఫ్లర్‌తో తుడిచాను, మళ్లీ పట్టింది. కొండ మీద తొలి ఎండ పడే క్షణం దాటిపోతోందన్న టెన్షన్‌లో అలాగే బయటికి పరుగెత్తాను. ఆ తడి గాజు మీదే గడ్డకట్టి, పక్షి ఈకల్లాంటి గీతలు పడ్డాయి. గోటితో గీకితే లెన్స్ పోతుందని తెలుసు కాబట్టి చూస్తూ నిలబడ్డాను. ఆ ఉదయం నాకు ఒక్క ఫోటో దక్కలేదు. ఇప్పటికీ బాధే.

అందుకే గడప దాటకముందే, బయటే, కెమెరాని పెద్ద జిప్‌లాక్ కవర్లో పెట్టి, గాలంతా నొక్కేసి మూసెయ్. దాన్ని బ్యాగులో పెట్టి బుఖారీకి దూరంగా ఉంచు. చెమ్మ కవరు మీద పడుతుంది, కెమెరా మీద కాదు. రెండు గంటలు ముట్టుకోకు. తీసినవి చూసుకోవాలని ప్రాణం లాగుతుంది కనుక మెమరీ కార్డు, బ్యాటరీ ముందే తీసి జేబులో వేసుకో. గంటలో మళ్లీ బయటికి వెళ్లేదుంటే కెమెరాని అసలు వెచ్చటి గదిలోకి తేవద్దు, చల్లటి వసారాలోనే ఉంచు.

ఇక బ్యాటరీ. చలికి దాని లోపలి రసాయన చర్య మందగిస్తుంది. అయిపోయిందని చూపిస్తుంది కానీ నిజంగా అయిపోయి ఉండదు. గడ్డకట్టిన పాంగాంగ్ సరస్సు దగ్గర నాది అలాగే ఆగిపోయింది. మా డ్రైవర్ చెప్పాడని చొక్కా లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకున్నాను. పావుగంట తర్వాత వేస్తే మరో ముప్పై ఫోటోలు వచ్చాయి. నువ్వు ఇంకో రెండు కొనుక్కో. రిచీ స్ట్రీట్‌లో అడిగేటప్పుడు కంపెనీవే అడుగు. ఒకటి కెమెరాలో, రెండు ఒంటి మీద. విమానంలో అవి చేతి బ్యాగులోనే ఉండాలి. చల్లబడ్డ బ్యాటరీని వెంటనే ఛార్జింగ్‌కి పెట్టకు. సున్నా కన్నా తక్కువ చలిలో ఛార్జ్ చేస్తే లోపల లిథియం పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది.

లెన్స్ మీద దుమ్ము పడితే నోటితో ఊదకు, ఊపిరే గాజు మీద మంచుగా గడ్డకడుతుంది. రబ్బరు బ్లోయర్ వాడు. మంచు ఫోటోలు బూడిదరంగులో వస్తే కంగారుపడకు. కెమెరా ఆ తెలుపుని తగ్గించేస్తుంది, ఫోటో వెలుగుని మార్చే ఎక్స్‌పోజర్ సెట్టింగ్‌ని ప్లస్ 1 దాకా పెంచు. ట్రైపాడ్ లోహపు కాళ్లని ఉత్త చేత్తో పట్టుకోవద్దు.

లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. మొదటి రెండు రోజులు కెమెరా సంగతి మర్చిపోయి పడుకో. తలనొప్పి ఎక్కువైతే ఎవరికైనా చెప్పు, దాచకు.

వచ్చే ఆదివారం భోజనానికి రా. నా పలుచటి ఉన్ని గ్లవ్స్ ఇస్తాను, వాటి మీద మందంవి వేసుకోవచ్చు. అవి తొడుక్కుని, కెమెరా వైపు చూడకుండా బటన్లు నొక్కడం మధ్యాహ్నమంతా అలవాటు చేసుకుందువు గాని.

ఆశీస్సులతో,
పెదనాన్న