టెక్ సందేహాలు: ఉబ్బిన ఫోన్‌ని పాత సామాన్లకు వేయొచ్చా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. అటక మీద డబ్బా టీవీ, రెండు పాత ఫోన్లు, తెగిన చార్జర్లు ఉన్నాయి. ఒక ఫోన్‌కి వెనక మూత ఉబ్బి లేచిపోయింది. పాత సామాన్ల బండివాడు అన్నీ కలిపి వంద ఇస్తానంటున్నాడు. ఇచ్చేయమంటారా?

జవాబు: వంద సంగతి తర్వాత, ముందు ఆ ఉబ్బిన ఫోన్‌ని అటక మీంచి దించండి. లోపలి లిథియం బ్యాటరీ చెడి గ్యాస్ పుట్టింది, మూతను లేపింది అదే. చార్జింగ్ పెట్టకండి. మూత నొక్కి సరిచేయడం, పిన్నీసుతో గాలి తీయడం అసలే వద్దు, భగ్గుమంటుంది. మట్టి ముంతలో పొడి ఇసుక పోసి, అందులో కూరి, ఇంటి బయట వాన పడని చోట పెట్టండి. గడ్డివాముకు దూరంగా సుమా. గోదావరి పక్కన ఇసుకకు కరువా అనబోయాను గానీ, ఈ రోజుల్లో చెప్పలేం లెండి.

బండివాడి మీద నాకు కోపం లేదు, అతని బతుకుతెరువు అది. కానీ అతని దగ్గర్నుంచి చేతులు మారిన వైర్లను చాలాసార్లు రాగి కోసం ఆరుబయట కాలుస్తారు. వైరు మీది పీవీసీ ప్లాస్టిక్ తొడుగు కాలితే డయాక్సిన్లనే విష పదార్థాలు వస్తాయి. డబ్బా టీవీలో రాగి చుట్ట పీక్కుని పిక్చర్ ట్యూబు పగలగొట్టి ఏ కాలవలోనో పారేస్తారు, ఆ గాజులో సీసం ఉంటుంది. మన దగ్గర చేలకీ, రొయ్యల చెరువులకీ, తాగే నీళ్ల చెరువుకీ వెళ్లేది ఆ కాలవ నీళ్లే కదా. వేసవిలో కాలవ కట్టేసినప్పుడు అడుగున తేలిన రిమోట్లూ ట్యూబులైటు చోకులూ ఒకసారి లెక్కపెట్టబోయి మానేశాను.

ఇన్వర్టర్ బ్యాటరీని మాత్రం ఎవరూ కాలవలో పడేయరు, గమనించారా? కొత్తది కొంటే పాతదానికి షాపువాడు డబ్బు తగ్గిస్తాడు మరి. ఫోన్లకూ టీవీలకూ నిబంధనలు లేకపోలేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ (పనికిరాని ఎలక్ట్రానిక్ సామాన్ల) నిబంధనల ప్రకారం రీసైక్లింగ్ బాధ్యత తయారీ కంపెనీలదే. అమ్మేటప్పుడు ఆ ఊసెత్తే షాపు నాకింకా తగల్లేదు. ప్రపంచం మొత్తం మీద 2022లో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగైతే, లెక్కాపత్రంతో రీసైకిల్ అయింది 22.3 శాతమే.

మీ ఫోన్, టీవీ కంపెనీల వెబ్‌సైట్లలో ‘ఈ-వేస్ట్’ పేజీ చూసి, అక్కడున్న నంబరుకు ఫోన్ చేయండి. కాకినాడ, రాజమండ్రి వైపు ఎక్కడ తీసుకుంటారో అడగండి. బ్యాటరీ ఉబ్బిందని ముందే చెప్పండి. కొరియర్‌లో మాత్రం పంపకండి.

ప్రశ్న: పాత ఫోన్ ఇచ్చేముందు ఫొటోలు డిలీట్ చేస్తే సరిపోతుందా? (పాలకొల్లు నుంచి)

జవాబు: సరిపోదు. కావాల్సినవి కాపీ చేసుకుని, సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతా తీసేసి, ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. సిమ్ తీయడం అందరికీ గుర్తుంటుంది. మెమరీ కార్డే అందులో ఉండిపోతుంది, పెళ్లి ఫొటోలతో సహా.