వీసీ పేరుతో మెయిల్ వస్తే...

ప్రశ్న: యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. ఎగ్జామ్స్, అకౌంట్స్, హాస్టల్ సెక్షన్ల సిబ్బందికి ఏటా ఒక పూట సైబర్ భద్రత క్లాసు పెడతాం. అయినా పోయిన నెల వీసీ పేరుతో వచ్చిన దొంగ మెయిల్‌ నమ్మి ఇద్దరు పాస్‌వర్డ్ ఇచ్చేశారు. ఇంకెలా చెప్పాలి?

జవాబు: ఆ ఇద్దరూ మీకు ఎప్పుడు చెప్పారో ముందు కనుక్కోండి. అడ్మిషన్ల రోజుల్లో మెయిళ్లలో మునిగిపోయే సీనియర్ అసిస్టెంట్ ఎప్పుడో ఒకసారి పొరపాటున నొక్కేస్తారు. ఐదు నిమిషాల్లో మీకు ఫోన్ చేస్తే చాలావరకు ఆపొచ్చు. మెమో ఇస్తారేమోనని భయపడి వారం దాచితే మీ చేతుల్లో ఏమీ ఉండదు.

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ యూనివర్సిటీ సంగతే చూడండి. 2019 అక్టోబరులో ఒక దొంగ మెయిల్ లింకు ద్వారా దుండగులు లోపలికి చొరబడ్డారు. రెండు నెలలు చప్పుడు లేకుండా తిరిగి, డిసెంబరు 23న, సరిగ్గా క్రిస్మస్ సెలవుల వేళ, 267 సర్వర్లకు తాళం వేశారు. 30 బిట్‌కాయిన్లు కట్టి విడిపించుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎక్కడ పొరపాటు జరిగిందో 2020 ఫిబ్రవరిలో యూనివర్సిటీయే అందరి ముందూ పెట్టింది. నాకు బాగా నచ్చింది అదే.

కాబట్టి సెమినార్ హాలు, స్లైడ్లు పక్కన పెట్టి, మీరే వాళ్ల సీటు దగ్గరికి వెళ్లండి. మీకు వచ్చిన ఆ దొంగ మెయిల్‌నే ఫోన్లో చూపించండి. పైన వీసీ గారి పేరే కనిపిస్తుంది, ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. దాని కిందున్న చిన్న బాణం గుర్తు నొక్కమనండి. అసలు చిరునామా బయటపడుతుంది. ఒక్కసారి తమ వేలితో నొక్కి చూసినవాళ్లు మర్చిపోరు.

ఏ సెక్షన్‌కి ఆ సెక్షన్ ముప్పే చెప్పాలి. అకౌంట్స్ వాళ్లకు ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని సప్లయర్ పేరుతో వచ్చే మెయిల్ చూపించండి. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాకుండా, పాత ఫైల్లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి కనుక్కోమనండి. ఎగ్జామ్స్ వాళ్లకైతే జిరాక్స్ షాపుకు వెళ్లొచ్చిన పెన్‌డ్రైవ్‌ గురించి, మానిటర్‌కు అంటించిన పాస్‌వర్డ్ చీటీ గురించి చెప్పండి.

పరీక్ష కోసం మీరే ఉత్తుత్తి దొంగ మెయిల్ (ఫిషింగ్ మెయిల్) పంపితే, నొక్కినవాళ్ల పేర్లు దయచేసి నోటీసు బోర్డులో పెట్టకండి. మళ్లీ ఎవరూ నోరు విప్పరు. ముందుగా చెప్పినవాళ్లకు నలుగురిలో థాంక్స్ చెప్పండి.

ప్రశ్న: నకిలీ లాగిన్ పేజీలో ఆఫీసు పాస్‌వర్డ్ కొట్టేశాను. వెంటనే మార్చేశాను. టెన్షన్‌గా ఉంది, అది చాలదా?

జవాబు: మంచి పని చేశారు, కానీ చాలదు. మార్చేలోపే వాళ్లు లాగిన్ అయి ఉండొచ్చు. అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్ చేయండి. రికవరీ ఫోన్ నంబరు మీదేనా చూసుకోండి. సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు తప్పకుండా తెరవండి: మీ మెయిళ్లన్నీ ఇంకెవరికో కాపీ పోయేలా పెట్టి ఉంటే, పాస్‌వర్డ్ మార్చినా అవి వెళ్తూనే ఉంటాయి. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడితే అక్కడా మార్చండి. డబ్బు కూడా పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మీ కంప్యూటర్ సెంటర్‌కు ఇవాళే చెప్పండి, అదే మెయిల్ పక్క సీటుకూ వచ్చి ఉంటుంది.