తూకం దగ్గర కనబడే దేవుని గుణం

ప్రశ్న: నేను ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా పనిచేస్తూ, మా సంఘంలో పెద్దగా ఉన్నాను. మా కాపరిగారు కొన్ని ఆదివారాలుగా దేవుని గుణలక్షణాలపై ప్రసంగిస్తున్నారు. దేవుని పరిశుద్ధత, ప్రేమ, దీర్ఘశాంతం మన జీవితంలో కనబడాలని శ్రద్ధగా వింటున్నాను. కానీ సోమవారం కాటా దగ్గర నిలబడితే ఒకవైపు రైతు, మరోవైపు యజమాని, మధ్యలో హమాలీలు. నాలో కోపం తప్ప మరే గుణమూ కనబడదు. ప్రార్థనలో నా గొంతు వేరు, ఇంట్లో నా గొంతు వేరు అని నా భార్య అంటున్నది. లోపల కోపం ఉంచుకొని పైకి మెత్తగా మాట్లాడితే అది నటన కాదా? అడ్వాన్సు తీసుకొని పదేపదే పని ఎగ్గొట్టే హమాలీకి మళ్లీ డబ్బు ఇవ్వడం దీర్ఘశాంతమా, తెలివితక్కువతనమా?
— ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: సహోదరా, తాను పరిశుద్ధుడు గనుక తన ప్రజలూ పరిశుద్ధులై ఉండాలని దేవుడు ఆజ్ఞాపించిన లేవీయకాండము 19వ అధ్యాయాన్ని ఒకసారి పూర్తిగా చదవండి. ఆ ఆజ్ఞ రెండవ వచనంలో ఉంది. దాని తరువాత పొలం అంచుల్లోని పంటను బీదలకు విడిచిపెట్టాలని, కూలివాని కూలిని మరునాటి ఉదయం వరకు దగ్గర ఉంచుకోకూడదని, చెవిటివానిని తిట్టకూడదని, గుడ్డివాని యెదుట అడ్డం వేయకూడదని, చివరికి త్రాసులు, తూనిక రాళ్లు న్యాయంగా ఉండాలని వరుసగా వస్తుంది. తిరిగి అడగలేనివారితో, అడిగినా ఏమీ చేయలేనివారితో మనం ఎలా వ్యవహరిస్తామన్నదే ఆ అధ్యాయంలో పరిశుద్ధతకు పరీక్షగా నిలిచింది. కాబట్టి మీరు నిలబడే కాటా ఆదివారపు ప్రసంగానికి దూరమైన చోటు కాదు. ఆ ప్రసంగం నిజమో కాదో తేలేది అక్కడే.

తేమ ఎక్కువగా ఉన్న ధాన్యానికి లెక్క ప్రకారం తగ్గించడం మోసం కాదు. ప్రభుత్వ కొనుగోలులో తేమ 17 శాతానికి మించకూడదన్న నిబంధన రైతుకూ తెలుసు. అయితే మీటరు చూపకుండా, లారీలో బస్తాలు ఎక్కించిన తరువాత ఇంత తరుగు అని చెప్పడం వేరు. సంచిలో పెద్దదీ చిన్నదీ రెండు తూనిక రాళ్లు ఉంచుకోవద్దని ద్వితీయోపదేశకాండము 25:13 చెప్పింది ఇటువంటి పని గురించే. ధర నిర్ణయించే అధికారం మీకు లేకపోవచ్చు, కానీ మీటరును రైతువైపు తిప్పి చూపడం, తరుగు ఎంతో ముందే చెప్పడం, దానిని చీటీపై రాసి ఇవ్వడం మీ చేతిలో ఉన్న పనులు. తప్పుడు లెక్క రాయమని యజమాని చెబితే నలుగురిలో ఎదిరించకుండా, ఒంటరిగా కలిసి, ఆ పని నేను చేయలేనండీ అని గౌరవంగా చెప్పండి. దానివల్ల ఉద్యోగానికి ముప్పు రావచ్చు. రాదని నేను హామీ ఇవ్వలేను. దానియేలు రాజ్యపు లెక్కలలో శత్రువులు ఎంత వెదకినా తప్పు కనబడలేదని వాక్యం చెబుతుంది, అయినా అతడు సింహాల గుహను తప్పించుకోలేదు.

ఇక కోపం విషయం. మనుషుల చేత మెప్పు పొందడానికి మంచితనం చూపడాన్నే ప్రభువు మత్తయి 6వ అధ్యాయంలో వేషధారణ అన్నాడు. ఎవరూ చూడని మీ వంటింట్లో, భార్య మనసు నొప్పించకూడదని నోరు అదుపులో పెట్టుకుంటే అక్కడ మెచ్చుకునేవారెవరు? అది నటన కాదు, విధేయత. గలతీయులకు 5:22–23లోని ఆత్మ ఫలాలలో ప్రేమతో మొదలైన వరుస ఆశానిగ్రహంతో ముగుస్తుంది. లోపల ఏ కోపమూ లేనివానికి నిగ్రహంతో పనేముంది? అలాగని అణచుకున్న కోపాన్ని రోజుల తరబడి నిల్వ చేయవద్దు. సూర్యుడు అస్తమించకముందే దానిని విడిచిపెట్టాలని ఎఫెసీయులకు 4:26 చెబుతున్నది గనుక, కారణం ఏదైనా ఆ రాత్రే భార్యతో మాట్లాడండి. ఆమె మాటను నిందగా తీసుకోకండి. సంఘంలో మిమ్మల్ని పరీక్షించగలవారు చాలామంది లేరు. మీ ఇంట్లో ఒకరున్నారు.

హమాలీ గురించి అడిగిన ప్రశ్న తక్కినవాటికన్నా కష్టమైనది. నిర్గమకాండము 34:6–7లో యెహోవా తన గుణాన్ని తానే ప్రకటించిన సమయాన్ని గమనించండి. అప్పటికి ప్రజలు బంగారు దూడను చేసుకున్నారు, మోషే పలకలు పగలగొట్టాడు. సరిగ్గా అటువంటి వేళ ఆయన తాను కనికరం, దయ, దీర్ఘశాంతం, కృప, సత్యం గలవాడినని చెప్పాడు, దోషిని నిర్దోషిగా ఎంచనని కూడా చెప్పాడు. యోనా ప్రవక్త ఈ మాటలన్నీ కంఠతా తెలిసినవాడే. యోనా 4:2లో వాటినే వల్లిస్తూ, శత్రువుల పట్టణమైన నీనెవెను శిక్షించక దేవుడు వాటిని నిజంగా అమలుచేసినందుకు కోపించాడు. సిద్ధాంతం తెలిసి, అది ఇతరులకు మేలు చేసినప్పుడు సహించలేని స్థితి సంఘ పెద్దలమైన మనకు కొత్తది కాదు. తీర్పు తీర్చడంలో దేవుణ్ణి పోలి నడవాలని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు, ఓర్పులో పోలి నడవమంటేనే వెనుకాడతాము. పగ తీర్చుకోవడం మాత్రం ఆయన తన కోసమే ఉంచుకున్నాడని రోమీయులకు 12:19 స్పష్టం చేస్తున్నది.

అయితే క్షమించడమంటే మళ్లీ అడ్వాన్సు ఇవ్వడమే కాదు. ముందుగా అతడు ఎందుకు రాలేదో, నలుగురి ముందు కాకుండా పక్కకు పిలిచి అడగండి. జబ్బో, అప్పో, తాగుడో తెలియకుండా తీర్పు చెప్పలేము. గడిచినదాన్ని మనసులోంచి తీసివేయండి, కొత్త డబ్బు మాత్రం పని జరిగిన మేరకే ఇవ్వండి. చేసిన పనికి రావలసిన కూలిని పాత బాకీ పేరుతో, అతనితో ముందే మాట్లాడుకోకుండా, ఆపివేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తగదు. కోత కోసినవారి కూలి మొరపెడుతున్నదని యాకోబు 5:4 చేసిన హెచ్చరిక డబ్బు లెక్కచూసే మనలాంటివారికే. పదివేల తలాంతుల (ఎన్నటికీ తీర్చలేనంత) అప్పు మాఫీ అయినవాడు, వంద దేనారాల (దానితో పోలిస్తే చాలా చిన్న మొత్తం) కోసం తోటివాని గొంతు పట్టుకున్న ఉపమానాన్ని (మత్తయి 18) ఆ సంభాషణకు ముందు ఒకసారి చదువుకుంటే మీ గొంతు మారుతుందని నా నమ్మకం.

ప్రశ్న: నేను కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తున్నాను. ఇక్కడ సువార్త చెప్పే అవకాశం లేదు. నా జీవితంలో దేవుడు ఎలా కనబడగలడు?
— ఒక సహోదరి

జవాబు: అమ్మా, 2 రాజులు 5వ అధ్యాయంలో సిరియా సేనాధిపతి నయమాను ఇంట్లో పనిచేసిన చిన్నదాని పేరు కూడా మనకు తెలియదు. చెరపట్టి తెచ్చినవారి ఇంట్లోనే ఉంటూ, తన యజమానుడు కుష్ఠు రోగం నుండి బాగుపడితే ఎంత బాగుండునోనని ఆమె కోరుకున్నది. తనకు అన్యాయం చేసినవాని మేలు కోరడం దేవుని గుణమే, ఆమె చెప్పినది ఒక్క వాక్యమే. మీరు పెంచే పిల్లలతో మీరు చూపే ఓర్పు, ఇంట్లోని వస్తువుల విషయంలో మీ నమ్మకత్వం ఆ ఇంటివారికి తప్పక తెలుస్తాయి. కానీ జీతం ఆపినా, కొట్టినా, పాస్‌పోర్టు లాక్కున్నా మౌనంగా భరించడమే దైవగుణమని ఎవరైనా బోధిస్తే నమ్మవద్దు. పౌలు సైతం తనను కొట్టబోయినప్పుడు రోమా పౌరుడిగా తన హక్కును అడిగాడు (అపొస్తలుల కార్యములు 22:25). అటువంటి పరిస్థితి వస్తే ఆలస్యం చేయకుండా కువైట్‌లోని భారత రాయబార కార్యాలయాన్ని ఆశ్రయించండి, ఊళ్లోని మీ కుటుంబానికీ ఆ సంగతి చెప్పి ఉంచండి.