ఖాతా నంబర్లు సరిచూస్తానన్న మేనకోడలికి

పర్లాకిమిడి

చి. బుజ్జమ్మకి మావయ్య ఆశీస్సులు.

గుణుపురంలో మీ సంఘం సభ్యుల జాబితానీ, బ్యాంకు పంపిన ఖాతాల జాబితానీ ఎక్సెల్‌లో పోల్చి, డబ్బులు వేసే ఫైలు నువ్వే తయారుచేస్తానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ఆ వెనకే గుబులు కూడా పట్టుకుంది. బ్యాంకు నుంచి బ్యాంకుకి డబ్బు పంపే పద్ధతి అయిన నెఫ్ట్‌లో డబ్బు జమయ్యేది ఖాతా నంబరును బట్టి. పేరు సరిగ్గా ఉన్నా నంబరు తప్పితే ఎవరి ఖాతాలోనో పడొచ్చు. వెనక్కి తెప్పించుకోవడం మన చేతిలో ఉండదు తల్లీ.

చిన్న పనులు ముందు చెప్పేస్తాను. అసలు ఫైళ్లు ముట్టుకోకు, నకలు తీసుకుని దాంట్లో పనిచెయ్. రెండు జాబితాల్లోనూ వరస నంబర్ల కాలమ్ పెట్టుకో. సార్ట్ చేసేటప్పుడు మొత్తం టేబుల్ ఎంచుకో. ఒక్క కాలమే సార్ట్ చేస్తే ఒకరి నంబరు ఇంకొకరి పేరు పక్కన చేరుతుంది.

పేర్లతో జత కలపాలని చూడకు. మన దగ్గర ఒకే మనిషి తెలుగు కాయితాల్లో వెంకటరావు, ఒడియా కాయితాల్లో బెంకటరావు. విజయ బిజయ అవుతుంది. ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఒకచోట పొడి అక్షరంగా మిగులుతుంది. జత కలపాల్సింది ఖాతా నంబరుతో, దానికి తోడు బ్యాంకు శాఖని గుర్తుపట్టే కోడ్ అయిన ఐఎఫ్‌ఎస్‌సీతో. ఆ కోడ్‌లో మొత్తం 11 అక్షరాలు, అయిదోది ఎప్పుడూ సున్నా. అక్కడ ఇంగ్లీషు ‘ఓ’ కొట్టేస్తుంటారు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది కదా, పాత పాస్‌బుక్కులు చూసి రాసిన జాబితాల్లో ఏఎన్‌డీబీతో మొదలయ్యే పాత కోడ్లు తగులుతాయి. వాటికి యూబీఐఎన్‌తో మొదలయ్యే కొత్త కోడ్ కనుక్కో.

ఇక నా భయమంతా ఖాతా నంబరు కాలమ్ గురించే. సంఖ్యగా కొడితే ఎక్సెల్ 15 అంకెల వరకే నిలుపుకుంటుంది. స్టేట్ బ్యాంకు 11 అంకెలకి ఇబ్బంది లేదు. పంజాబ్ నేషనల్ బ్యాంకు 16 అంకెల నంబరు కొట్టావంటే చివరి అంకె సున్నా అయిపోతుంది. ముందు సున్నాలుంటే రాలిపోతాయి. ఆ తర్వాత కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చినా పోయిన అంకె తిరిగి రాదు. బ్యాంకు పంపిన సీఎస్‌వీని (కామాలతో విడదీసిన సాదా ఫైలు) డబుల్ క్లిక్‌తో తెరిచి సేవ్ చేసేస్తారు చూడు, కొంప మునిగేది అక్కడే. ఖాళీ షీటు తెరిచి, డేటా మెనూలో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నొక్కు. డేటా టైప్ డిటెక్షన్ దగ్గర ‘డు నాట్ డిటెక్ట్’ ఎంచుకుని అప్పుడు లోడ్ చెయ్. చేత్తో కొట్టేదైతే కాలమ్‌ని ముందే టెక్స్ట్ చేసుకో.

అంత జాగ్రత్తపడ్డవాళ్లూ తర్వాతి మెట్టులో జారిపోతారు. నంబర్లు టెక్స్ట్‌గా ఉన్నా ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్ ఫార్ములా వాటిని మళ్లీ సంఖ్యలుగా చేసుకుని పోలుస్తుంది. 16 అంకెల్లో చివర ఒకదానికి 1, ఇంకోదానికి 4 ఉన్నా, రెండూ ఒకటే ఖాతా అంటుంది. రెండుసార్లు వచ్చినవాటికి రంగు వేసే కండిషనల్ ఫార్మాటింగ్‌దీ అదే తీరు. రంగు పడింది కదా అని ఒక వరస తీసేశావో, ఆ మనిషికి డబ్బే అందదు. వింటున్నావా? రంగు చూసి ఏదీ డిలీట్ చెయ్యొద్దు. లెక్కపెట్టడానికి సమ్‌ప్రొడక్ట్‌లో ‘=’ గుర్తుతో పోల్చు, వెతకడానికి మ్యాచ్ గానీ ఎక్స్‌లుకప్ గానీ వాడు. ఇవి టెక్స్ట్‌ని టెక్స్ట్‌గానే చూస్తాయి. వీలుకప్ వాడితే అచ్చంగా కలిసేవే వెతకడానికి చివర ఫాల్స్ పెట్టడం, ఫార్ములా కిందికి లాగినా కదలకుండా పరిధికి డాలరు గుర్తులు వెయ్యడం మరవకు.

కంటికి ఒకేలా ఉన్న నంబర్లు కలవకపోతే లెన్‌తో పొడవు చూడు. 11 ఉండాల్సిన చోట 12 వస్తే చివర ఖాళీ దాక్కుని ఉందన్నమాట. ట్రిమ్‌తో మామూలు ఖాళీలు పోతాయి. వెబ్‌సైటు నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే 160 నంబరు ఖాళీ దానికి లొంగదు, ఒకదాని బదులు ఇంకోటి పెట్టే సబ్‌స్టిట్యూట్‌లో క్యార్(160) పెట్టి తీసెయ్.

లెడ్జర్ల కాలంలో ఒకరు చదువుతుంటే ఇంకొకరు టిక్కు పెట్టేవారు, తర్వాత పుస్తకాలు మార్చుకుని మళ్లీ చదివేవారు. నువ్వూ అలాగే మీ జాబితాని బ్యాంకు జాబితాలో వెతికాక, బ్యాంకుదాన్ని మీ దాంట్లో వెతుకు. ఒకవైపే చూస్తే బ్యాంకులో అదనంగా ఉన్నవి బయటపడవు. పొద్దుపోయాక ఈ పని పెట్టుకోకు నాన్నా, నిద్రకళ్లకి 3, 8 ఒకటే. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకో.

దొరకనివాటికి ఎన్‌ఏ వస్తుంది. చూడ్డానికి బాగోలేదని, తప్పు గుర్తుల్ని దాచే ఇఫ్‌ఎర్రర్‌తో కప్పెయ్యకు. వాటిని వేరే షీటులో పెట్టి, కలిసినవాటి మొత్తం, కలవనివాటి మొత్తం కూడితే అసలు జాబితా మొత్తానికి పైసాతో సహా సరిపోవాలి. కలిసినవాళ్లకి ముందు పంపించండి. మిగిలినవాళ్ల దగ్గర పాస్‌బుక్ మొదటి పేజీ ఫోటో తెప్పించుకుని, నంబరు చూసి కొట్టి, రెండో ఫైలుగా పంపించు.

మీ మావయ్య